సిపాయి వేషం

కొండ కింద మా ఊరుంది. ఊరు మాదే. ఇళ్ళు మాత్రం ఇంకొకరు కట్టినవి.

కట్టినవాళ్ళు కొండజాతి వాళ్ళు. కొండలో బంగారం ఉందని రాజుకు తెలిసిన ఏడాది, నిండు చలికాలంలో, సిపాయిలు వచ్చి వాళ్ళను ఇళ్ళలోంచి లేపి పడమటికి తోలారు. ముసలీ ముతకా, పిల్లా జెల్లా, అందరూ నడిచే వెళ్ళారు. దారిలో చాలామంది పోయారు. ఖాళీ ఇళ్ళు పాడైపోతాయని మా పెద్దలు వచ్చి చేరారు. మా ముత్తాత చేరిన ఇంట్లో పొయ్యి మీద కుండ ఇంకా ఉడుకుతూనే ఉందట. దించుకుని తిన్నాడు. ఉప్పు తక్కువైందని చివరిదాకా అంటూనే ఉన్నాడట. మా వంశానికి నోరు అక్కడినుంచే వచ్చింది.

కొన్ని తరాలు గడిచాక మాకు జాలి కలిగింది. జాలి కలగాలంటే ముందు కడుపు నిండాలి గదా, అందుకే ఆలస్యమైంది. ఏటా చలికాలంలో ఒకరోజు ఆ దారిన నడిచి వాళ్ళను తలుచుకోవాలని ఊరి పెద్ద తీర్మానించాడు. దారి పొడవునా రాళ్ళు పాతించాడు. చెక్కించడానికి వాళ్ళ పేర్లు దొరకలేదు. రాళ్ళు ఊరికే ఉండటం బాగుండదని మా పేర్లే చెక్కించాం.

నడిచేవాళ్ళందరికీ వేషాలుంటాయి. వెళ్ళిపోయినవాళ్ళ వేషమంటే ఊళ్ళో పోటీ. ఊరి పెద్ద కోడలు నెల ముందు నుంచే ఏడుపు సాధన చేసేది. ఆ నెలంతా వాళ్ళ అత్తగారు మా అరుగు మీదే గడిపేది. నూనె గానుగ ఆయన పెద్ద మూట నెత్తిన పెట్టుకుని వంగి వంగి నడిచేవాడు. మూటలో ఉండేది దూది. జ్వరం మనిషిని బండి ఎక్కిస్తారని తెలిశాక ఊళ్ళో జ్వరాలు పెరిగాయి. నేనూ ఒక ఏడాది బండి ఎక్కాను. గడ్డి మీద మంచి నిద్ర పట్టింది.

సిపాయి వేషానికి మాత్రం ఎవరూ దొరికేవారు కాదు. ఎవరినడిగినా మా వంశం అలాంటిది కాదనేవారు. కిందటేడు దిష్టిబొమ్మకు టోపీ పెట్టి బండికి కట్టాం. అది ఎవరినీ తోలలేదు గనుక సగం దారిలోనే కూర్చుని భోంచేసి వచ్చేశాం. ఈసారి అలా కుదరదని ఊరి పెద్ద గట్టిగా చెప్పాడు. సిపాయి ఆగమంటే ఆగాలి, నడవమంటే నడవాలి, అప్పుడే ఫలం దక్కుతుందన్నాడు.

నడక రోజు పొద్దున్నే పడమటి నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. ఆ కొండజాతి మనిషి. వాళ్ళలో ఒకరిని చూడటం మాకదే మొదలు. కాస్త నిరాశపడ్డాం. గానుగాయన వంగినంత బాగా ఆమె వంగలేదు.

మాతో నడవడానికి వచ్చావా అమ్మా అని ఊరి పెద్ద ఆదరంగా అడిగాడు.

"నడవడానికి రాలేదు నాయనా," అంది. "ఆగడానికి వచ్చాను."

ఆమె ముత్తవ్వ ఆ దారిలోనే, వాగు ఒడ్డున, చంటిబిడ్డను పోగొట్టుకుందట. పైన మట్టి వేసేంతసేపు కూడా ఆగనివ్వలేదట. బిడ్డను రాళ్ళ మధ్య అలాగే వదిలి నడిచిపోయిందట. ఆ పని మిగిలిపోయిందని ఆ ఇంటి ఆడవాళ్ళు తల్లి నుంచి కూతురికి చెప్పుకుంటూ వచ్చారు. ఈమెకు కూతుళ్ళు లేరు. వాగుకు వెళ్ళే దారి ఇప్పుడు మా పొలాల్లోంచి పోతుంది. నడక రోజున తప్ప మేము కంచె తీయం.

ఊరి పెద్ద కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుని, వాగు దగ్గర ఆగడం కార్యక్రమంలో లేదన్నాడు. భోజనాలు వాగు దాటాక, చింతతోపులో. పైగా వెళ్ళిపోయినవాళ్ళ వేషాలన్నీ నిండిపోయాయి. కోడలిని కాస్త తప్పుకోమని అడిగి చూశాడు. ఆమె అప్పటికే ఏడుపు అందుకుంది, ఇప్పుడు ఆపితే మళ్ళీ రాదంది.

"సిపాయి వేషం ఒక్కటే మిగిలిందమ్మా," అన్నాడు.

నేను నోరు తెరవబోయాను. "పిన్నీ, నీకు దణ్ణం పెడతాను, ఊరుకో," అన్నాడు ఊరి పెద్ద నాతో.

ముసలమ్మ సిపాయి టోపీని అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది పెట్టుకున్నవాళ్ళు ఆగమంటే అందరూ ఆగుతారా?"

ఆగుతారన్నాడు. ఆమె పెట్టుకుంది.

వాగు దగ్గరికి రాగానే ముసలమ్మ చెయ్యెత్తి ఆగమంది. ఆగాం. వేషం బాగా కట్టిందని మెచ్చుకున్నాం కూడా. ఆమె ఒడ్డున రాళ్ళ మధ్య మోకాళ్ళ మీద కూర్చుని మట్టి తవ్వడం మొదలుపెట్టింది. నేల గట్టిగా ఉంది. గోళ్ళకు వచ్చినంత మట్టి తీసి ఒకచోట పోస్తూ వచ్చింది. కోడలు ఏడుపు ఆపేసింది. గానుగాయన మూట దించి, అది ఎంత తేలికో అందరికీ తెలిసిపోతుందని మళ్ళీ ఎత్తుకున్నాడు.

కాసేపటికి గాలి మళ్ళి చింతతోపు నుంచి పులుసు వాసన వచ్చింది. ఊరి పెద్ద గొంతు సవరించుకుని, అమ్మా ఇక వెళ్దామా అన్నాడు.

"సిపాయి చెప్పాలి గదా నాయనా," అంది ఆమె తల తిప్పకుండా. "ఇంకాస్త ఉంది."

అతను పెట్టిన నియమమే గనుక ఊరుకున్నాడు. మట్టి కుప్ప అరచేతి మందం కూడా లేవలేదు. పొద్దు నడినెత్తి దాటింది. ఆమెను లేపాలంటే ఎవరో ఒకరు ఆ మాట అనాలి. గానుగాయన ఊరి పెద్దను చూశాడు. ఊరి పెద్ద ఆకాశం చూశాడు. కోడలు కాలివేళ్ళు చూసుకుంది. ఆ ముఖాలను చూసి నేను లోపల నవ్వుకున్నాను. ఇంతమందిలో ఒక్కరికీ నోరు లేదని రేపు ఏ ఇంట్లో ముందు చెప్పాలా అని కూడా ఆలోచించుకున్నాను. ఆకలి మాత్రం దంచేస్తోంది.

అప్పుడెవరో అన్నారు. "చాల్లే. లేచి నడు."

అందరూ నా వైపు తిరిగారు. ఎవరా అని నేనూ వెనక్కి తిరిగి చూశాను. నా వెనక ఎవరూ లేరు.

ముసలమ్మ ఎవరన్నారో చూడలేదు. గుప్పిట్లో మట్టి గుప్పిట్లోనే ఉండగా లేచింది.