పీచు లాగిన గిజిగాడు

అనగా అనగా, దేవుడు తీరిగ్గా కూర్చుని దిద్దినట్టు ఒక ఏరు. ఏటి మీదికి వాలిన తుమ్మచెట్టు. కొమ్మకొమ్మకూ గిజిగాళ్ల గూళ్లు.

ఆ చెట్టు మీద చిట్టిముక్కు అనే కుర్ర గిజిగాడు ఉండేవాడు, తల్లులారా. ఎంత చురుకో! ఏ గూడైనా ఒక్కసారి చుట్టివస్తే చాలు, ఏ పీచు లాగితే ఊడుతుందో పట్టేసేవాడు.

"నాన్నా, ఇటు చూడు!" అంటే, "గూడు సగంలో ఉందిరా, తర్వాత," అనేవాడు నాన్న. "అమ్మా!" అంటే అమ్మ నోట్లో పురుగు. పాపం, మాట్లాడేదెలా?

చూసేవాళ్లు లేక దిగులుపడ్డాడు. అప్పుడు తగిలింది కాకి.

"అల్లుడూ, ఏదీ, మీ బాబాయి గూడు విప్పు చూద్దాం!"

విప్పాడు. బాబాయి వచ్చేసరికి గూటి గొట్టం ఊడి పీచుకు వేలాడుతోంది. "గాలి కాబోలు," అనుకున్నాడు. కాకి మాత్రం, "ఓరి నీ తెలివి బంగారం కానూ!" అని రెక్కలు తపతపలాడించింది.

మర్నాడు పెద్దయ్య గూడు. ఆయన ఎండలో మోసుకొచ్చి పరుచుకున్న రెల్లుపూలన్నీ ఏట్లో రాలాయి. చిట్టిముక్కు గుండె కలుక్కుమంది.

"పూలేగా! మళ్లీ తెచ్చుకుంటాడులే. నీలాంటి మొనగాడు ఈ చెట్టుకే లేడు," అంది కాకి. ఆ ఒక్క మాటతో బాధ కాస్తా ఎగిరిపోయింది.

మూడోనాడు పిన్ని గూడు. పీచు లాగాడు. పక్క చీలింది. లోపల కళ్లు తెరవని పిల్లలు రెండు, అమ్మే వచ్చిందనుకుని వాడి వైపు నోళ్లు తెరిచాయి.

వెనక కాకి గుటక వేసింది. "ఇక పక్కకు జరుగు, అల్లుడూ."

అప్పటికి తెలిసింది వాడికి. జరిగితే పిల్లలు దక్కవు. అరిస్తే తన గుట్టు దాగదు. భగవంతుడా అనుకుని, చీలికకు ఒళ్లు అడ్డుపెట్టి, "బాబాయ్! పెద్దయ్యా! నేనే విప్పాను! అన్నీ నేనే! రండి!" అని గొంతు చించుకున్నాడు. కాకి వాడి తోక ఈకలు పీకింది. అయినా కదల్లేదు.

చెట్టంతా లేచింది. కాకి ఏరు దాటి పారిపోయింది.

"వీణ్ణి వెళ్లగొట్టండి!" అన్నాడు బాబాయి.

పెద్దయ్య చిట్టిముక్కును దగ్గరికి తీసుకున్నాడు. "మూడు గూళ్లూ వీడే అల్లాలి. అది తప్పదు. కానీ ఇంత పనితనం మన కొమ్మ మీదే ఉంటే, ముందు చూసింది కాకి. ఆ తప్పు ఎవరిదిరా?"

నాన్న తల వంచుకున్నాడు. చిట్టిముక్కు అల్లుతుంటే పక్కన కూర్చుని పీచు అందించాడు. "ఇదెలా కనిపెట్టావురా? చెప్పు," అన్నాడు.

పొద్దువాలేదాకా వాడు చెబుతూనే ఉన్నాడు.

నాయనలారా, గూటి ముడైనా కంప్యూటర్ తాళమైనా, ఇతరులది విప్పడం తప్పే. ఆ తెలివి దారి తప్పకూడదంటే, బయటివాళ్లు చప్పట్లు కొట్టకముందే ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని చూడాలి.