సుత్తి కింద పెట్టిన వజ్రం

గవ్వలదిన్నె ఊళ్లో ఓబులేసు అనే రైతు ఉండేవాడు. ఎసరు కాగేలోపు నాలుగుసార్లు మూత తీసి చూసేంత తొందర మనిషి. తొలకరి పడితే ఆ ఊరి ఎర్రనేలలో వజ్రాలు పైకి తేలేవి. ఊరంతా చేలల్లో నడుము వంచి వెతికేది. నేనూ వెతికినవాణ్ణే. ఆ రోజుల్లో నేను వస్తుంటే మామూలు రాళ్లు పక్కకు తప్పుకుని వజ్రానికి దారి ఇచ్చేవి. సరే, నా సంగతి వదలండి.

ఆ ఏడు ఓబులేసు ఎద్దుల్లో ఒకటి జబ్బుచేసి చచ్చిపోయింది. ఒంటెద్దుతో దుక్కి సాగదు. నేల పదును ఆరేలోగా జత ఎద్దు రాకపోతే చేను బీడే. అందుకే తెల్లారింది మొదలు అతను చేలో తిరిగేవాడు. కూర్చునేవాడు, లేచేవాడు, చూసిన చోటే మళ్లీ చూసేవాడు.

నాలుగో రోజు అతని భార్య సుంకులమ్మకు శనగగింజంత రాయి దొరికింది. తడిమట్టిలో ఉన్నా దానికి మట్టి అంటలేదు. ఓబులేసు పరుగున నా దగ్గరికి తెచ్చాడు. నేను దాని మీద ఊదాను. పట్టిన ఆవిరి రెప్పపాటులో ఆరిపోయింది.

“చాలావరకు వజ్రమే,” అన్నాను. “ఎల్లుండి రాళ్లు కొనే షావుకారు వస్తాడు. భూతద్దం పెట్టి తేలుస్తాడు. అందాకా దాన్ని ముట్టుకోవద్దు.”

“చాలావరకు అంటే ఎంతవరకు చిన్నాయనా?”

“ఎల్లుండి వరకు.”

సుంకులమ్మ రాయిని కొంగున ముడివేసుకుంది. ఓబులేసు పది అడుగులు పోయేవాడు, వెనక్కి వచ్చేవాడు. “ఒక్కసారి ఇయ్యి, చూసి ఇస్తా,” అనేవాడు.

“విప్పి విప్పి కొంగు చిరిగేట్టుంది. ఆ ఎద్దును చూసి నేర్చుకో, నీకంటే నిదానంగా ఉంది,” అంది ఆమె.

మర్నాడు ఆమె బట్టలు ఉతకడానికి పోతూ రాయిని ఉప్పుజాడీలో దాచింది. ఓబులేసు దాన్ని తీసి రోటి అంచున పెట్టి సుత్తి ఎత్తాడు. నిజమైన వజ్రం సుత్తికి పగలదని మా ఊరంతా నమ్మేది. ఆ మాట పుట్టించింది నేనేనని కొందరంటారు. అది అబద్ధం. నేను దాన్ని ముద్దుగా పెంచానంతే. నా వజ్రానికి తగిలి సమ్మెట విరిగి మూడూళ్ల అవతల పడిందని ప్రతి అరుగు మీదా చెప్పాను.

ఒక్క దెబ్బ. రాయి పిండైపోయింది.

“గాజుపెంకు,” అని ఓబులేసు దాన్ని ఊదేశాడు.

సుంకులమ్మ వచ్చి చూసింది. రోటి దగ్గర మిగిలిన నువ్వుగింజంత ముక్కను ఏరి లాంతరు గాజు మీద గీసింది. కిర్రుమని లోతుగా గీత పడింది.

మరునాడు షావుకారు ఆ ముక్కను చూసి తల అడ్డంగా ఊపాడు. “వజ్రం గీతకు లొంగదు నాయనా, దెబ్బకు లొంగుతుంది. రాయి నిండుగా ఉంటే రెండు జతల ఎద్దులొచ్చేవి.”

ఓబులేసు నా వైపు తిరిగాడు. “నువ్వే కదా చెప్పినావు చిన్నాయనా.”

“ఆ సమ్మెట కథ అబద్ధం,” అని అరవై ఏళ్లలో మొదటిసారి ఒప్పుకున్నాను.

ఆ ఏడు కాడికి ఒకవైపు ఎద్దు, రెండోవైపు ఓబులేసు. వెనక నాగలి మేడి పట్టింది సుంకులమ్మ. అతను అలిసినప్పుడు ఆ కాడి కింద నేను భుజం పెట్టాను. ఇదివరకైతే వంద ఎకరాలు లాగానని చెప్పేవాణ్ణే. లాగింది మూడు చాళ్లు.

నీతి: తేల్చుకోవాలనే తొందరలో, తేల్చుకోవలసినదాన్నే పోగొట్టుకోకూడదు.