ఎవరూరికి వాళ్ళు పోవాల్సిందే

దుప్పటి లాక్కోకండి, ఇద్దరికీ సరిపోతుంది. కౌశికూ, నువ్విటు. లాస్యా, నువ్వటు. కథ చెప్తా గానీ ఊ కొట్టాలి. ఊ మాత్రమే, మధ్యలో ప్రశ్నలు పనికిరావు.

అనగనగా ఒక ఊళ్ళో అందరూ మంచివాళ్ళే. అదే ఆ ఊరికి పట్టిన జబ్బు. ఊరి పేరు గట్టుపాలెం. ఆ మంచివాళ్ళందరికీ పెద్ద నేరేడుమిల్లి నాగభూషణం. ఆయనెంత మంచివాడంటే, తన మంచితనం గురించి తనే చెప్పుకోవాల్సి వచ్చేది పాపం, ఇంకెవరికీ తీరిక లేక.

ఆ ఊరికి ఆమడ దూరంలో ఏటి మధ్యన గోగులంకని ఒక లంక ఉండేది. ఏమిట్రా కౌశికూ ఆ నవ్వు? ఊ కొట్టమన్నానా, నవ్వమన్నానా? సరే. ఒక ఏడు ఏరు పొంగింది. పొంగి పొంగి పొలం మింగింది, పొలం గట్టున పాక మింగింది, పాకలో పొయ్యి మింగింది, పొయ్యిమీద కుండ మింగింది, కుండలో కూడు కూడా మింగి బ్రేవుమని త్రేన్చింది. బతికినవాళ్ళు అరటి బోదెలు తెప్పలుగా కట్టుకుని, పిల్లల్ని వాటిమీద ఎక్కించుకుని, తడిబట్టలతో గట్టుపాలెం చేరారు. వాళ్ళల్లో నూకాలని నెలలు నిండిన మనిషి ఉంది. మొగుడు అప్పన్న ఆవిడని చేతులమీద ఎత్తుకొచ్చాడు.

మంచివాళ్ళన్నాను కదా, మొదటిరోజు పులిహోర పెట్టారు. అతిథి దేవుడితో సమానమని నాగభూషణం మాట్లాడాడు, పులిహోర చల్లారిపోయేదాకా మాట్లాడాడు. రెండోరోజు గంజి పోశారు. మూడోరోజునుంచి సలహాలు పోశారు. సలహాలకి ఆ ఊళ్ళో ఏనాడూ కరువు లేదు. కరణంగారి భార్య అయితే, ఏటి పక్కన ఇళ్ళు కట్టుకోకూడదమ్మా అని మునిగొచ్చినవాళ్ళకి విడమరిచి చెప్పింది. ఎంత మేలు!

పాపం అప్పన్న సలహాలు కాదు, సామాను అడిగాడు. పురుడొచ్చే వేళయింది, వేడినీళ్ళకి కాగు ఇప్పించండమ్మా అంటే, కాగు చిల్లుపడిందన్నారు. పాత చీరలుంటే ఇవ్వండమ్మా అంటే, మావన్నీ కొత్తవేనన్నారు. తాటాకు అడిగితే తాడు లేదన్నారు, తాడు అడిగితే తాటాకు లేదన్నారు. నులకమంచం అడిగితే, అయ్యో మేమే చాపమీద పడుకుంటున్నామన్నారు. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి.

ఆ నాగభూషణానికి మాణిక్యమని ఒక కోడలు. అత్తగారి అటకమీద ఏముందో కోడలికి తెలియదూ? రెండు రాగి కాగులు, మూడు మంచాలు, మూటెడు పాత చీరలు. తెలిసి ఏం లాభం, తాళాలు అత్తగారి బొడ్డున ఉంటే!

లంకవాళ్ళు ఊరుమ్మడి కళ్ళంలో తలదాచుకున్నారు. ఆ కళ్ళాన్ని నాగభూషణం ఎంతో కాలంగా సొంతానికి వాడుకుంటున్నాడు, ఊరి మేలుకోసమేలే. అందుకని ఆయనకి మెల్లిగా వాళ్ళల్లో తప్పులు కనబడసాగాయి. మాట సాగదీస్తారన్నాడు. కూరలో చింతపండు ఎక్కువేస్తారన్నాడు. వాళ్ళ పిల్లలు గట్టిగా నవ్వుతారన్నాడు. ఊరంతా అవునవునంది. పేర్లు పెట్టి పిలవడం కూడా మానేసి, అందరినీ కలిపి గోగులంకోళ్ళు, గోగులంకోళ్ళు అనడం మొదలుపెట్టారు.

ఆఖరికి నాగభూషణం రాజుగారి దగ్గరికి వెళ్ళాడు. ఆ రాజుగారికి ఆలోచన పడదు, పైత్యం చేస్తుంది. పైగా ఇచ్చిన ఆజ్ఞ వెనక్కి తీసుకోరు, ఏమిచ్చారో గుర్తుంటే కదా! గోగులంకోళ్ళకి గోగులంక ఉంది, పేరులోనే ఊరుంది, అక్కడికి పొమ్మనండి ప్రభూ అన్నాడు నాగభూషణం. రాజుగారికి భలే నచ్చింది. పేరులో ఏ ఊరుంటే ఆ ఊరికి, ఎవరూరికి వాళ్ళు పోవాల్సిందే, రేపు పొద్దువాలేలోపు పోనివాళ్ళకి తల ఉండదు, నేనే వచ్చి చూస్తానని దండోరా వేయించారు.

అప్పన్న వచ్చి నాగభూషణం కాళ్ళమీద పడ్డాడు. నూకాలుకి ఇవాళో రేపో అన్నట్టుంది, ఈ బురదదారుల్లో నడిస్తే తల్లీ దక్కదు బిడ్డా దక్కదు, పురుడయ్యేదాకా ఉండనివ్వండని ఏడ్చాడు. నాగభూషణానికి జాలేసింది. దారిలో మెల్లిగా నడిపించమన్నాడు.

ఇదంతా మాణిక్యం తలుపుచాటునుంచి విన్నది. తెల్లారగానే అత్తగారి దగ్గరికెళ్ళి, రాజాజ్ఞ, తాళాలివ్వండంది. రాజాజ్ఞ అనేసరికి అత్తగారు బొడ్డున తాళాలు తీసిచ్చింది. మాణిక్యం అటకమీద కాగులు దింపింది, మంచాలు దింపింది, చీరల మూట దింపింది, అన్నీ బండికెక్కించింది. నాగభూషణం పరుగెత్తుకొచ్చి ఇదేం పనని కేకలేశాడు.

"మనం నేరేడుమిల్లి వాళ్ళం కదా మామగారూ. పేరులోనే ఊరుంది. పొద్దువాలేలోపు చేరకపోతే తలలుండవు."

ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ రాజుగారి సంగతి ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? నేరేడుమిల్లినుంచి వాళ్ళ ముత్తాత మూట నెత్తిన పెట్టుకుని వచ్చాడట. అదెక్కడుందో కూడా ఈయనకి తెలీదు.

ఇక చూస్కోండి. నాగభూషణం బండి చూసి కరణం కంగారుపడ్డాడు. కరణంగారి ఇంటిపేరు కాకరమిల్లి. కరణం బండి చూసి కంసాలి బండి కట్టాడు, ఆయనది కందులగుంట. కంసాలి బండి చూసి పూజారి, ఆయనది పులిచెరువు. పూజారి బండి చూసి మంత్రసాని మహాలక్ష్మి, ఆవిడది మామిడిగుడి. గట్టుపాలెం ఇంటిపేరున్నవాడు గట్టుపాలెంలో ఒక్కడూ లేడర్రా! మధ్యాహ్నానికి ఊళ్ళో మిగిలింది నాలుగు కుక్కలు, రెండు గాడిదలు. వాటికి ఇంటిపేర్లు లేవు గనక.

వీధి నిండా బళ్ళే. ముందుకి పోవు, వెనక్కి పోవు. ఆ బళ్ళ మధ్యనుంచే లంకవాళ్ళూ మూటలతో నడుస్తున్నారు. సరిగ్గా నాగభూషణం బండి పక్కకి వచ్చేసరికి నూకాలుకి నొప్పులొచ్చాయి. బండిచక్రం పట్టుకుని కూలబడిపోయింది. అప్పన్న అందరి మొహాలూ చూశాడు. అందరూ ఎద్దుల మొహాలు చూశారు.

మంత్రసాని మహాలక్ష్మి మాత్రం చూడలేకపోయింది. పొద్దువాలుతోంది, దిగితే తల పోతుందని మొగుడు చెయ్యి పట్టుకున్నాడు.

"బొడ్డు కోశాక నా తల కోసుకోమను," అని విదిలించుకుని బండి దిగింది.

దిగి, కాగు కావాలంది. ఎవరు లేదంటారు? లేవన్న కాగులన్నీ బళ్ళమీద తళతళలాడుతున్నాయి. లేవన్న మంచాలు కాళ్ళు పైకెత్తుకుని కూర్చున్నాయి. లేవన్న తాటాకులు, లేవన్న తాళ్ళు, లేవన్న పాత చీరలు, ఊరి సిగ్గంతా బండికెక్కి ఊరేగుతోంది. ముందు కరణంగారి భార్య తల దించుకుని మంచం దింపింది. తరవాత మాణిక్యం అత్తగారు కాగు దింపింది. నూకాలుని నాగభూషణం ఇంట్లోకే మోసుకెళ్ళారు.

అప్పుడొచ్చారు రాజుగారు. ఇదేమిటి, ఎవరూ పోలేదేమని గుడ్లురిమారు. మాణిక్యం ఎదురెళ్ళి దణ్ణం పెట్టింది.

"మేమంతా మా ఊళ్ళు వెతుక్కుని పోతాం ప్రభూ. వాళ్ళ ఊరు ఏటి అడుగున ఉంది. ఆ తల్లిని ఎక్కడికి పంపమంటారు?"

రాజుగారు ఆలోచించబోయారు, పైత్యం చేసింది. తమరి ఇంటిపేరేమిటి ప్రభూ అని మాణిక్యం ఎంతో వినయంగా అడిగింది. రాజుగారిది ఉప్పుమడుగు, ఏడు ఏళ్ళు దాటితే గానీ రాదు. ఏడు సంవత్సరాలు కాదే లాస్యా, ఏడు ఏరులు. సింహాసనం కూడా బండికెక్కించాలి కాబోలనుకునేసరికి రాజుగారికి జాలి పొంగుకొచ్చింది. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండాలని కొత్త ఆజ్ఞ వేసి, నా అంత దయగలవాడు లేడని మెచ్చుకుంటూ వెళ్ళిపోయారు.

లోపల ఆడపిల్ల కెవ్వుమంది. తల్లీ బిడ్డా క్షేమం. దింపిన సామాను మళ్ళీ అటకెక్కించడానికి ఎవరికీ మొహం చెల్లక, లంకవాళ్ళకి ఇచ్చేశారు. కళ్ళం పక్కన ఇళ్ళు లేచాయి. వీళ్ళని చేరదీసింది నేనేనని నాగభూషణం చచ్చేదాకా చెప్పుకున్నాడు. చెప్పుకోనీ, మనదేం పోయింది? అటకమీద కాగుతో నీళ్ళు కాగవర్రా, కిందికి దింపితేనే కాగుతాయి. అదీ నీతి.

వెక్కిరిస్తూ పెట్టిన పేరు మాత్రం వాళ్ళకి అలాగే ఉండిపోయింది. అదే ఇంటిపేరైంది. ఇప్పుడు చెప్పరా కౌశికూ, నీ పుస్తకం అట్టమీద నీ పేరుకి ముందు ఏముంది? ఊఁ. గోగులంక. ఆ రోజు పుట్టిన పిల్ల మీ నాన్నగారి ముత్తాతకి అక్క.

మరి సాయంత్రం మెట్లమీద, కింది వాటాలోకి కొత్తగా దిగిన పిల్లాణ్ణి, మాట సాగదీస్తున్నాడని నవ్వి, మీ ఊరికి పోరా అన్నదెవరు? నాకు చెవులు బాగానే పనిచేస్తున్నాయి నాయనా. కోపం కాదు, బాధేసింది నాకు. రెండో బ్యాటు లేదని కూడా చెప్పావుట. అటకమీద ఉంది. రేపు పొద్దున్నే దింపి, నువ్వే వెళ్ళి పిలువు.

కథ కంచికి వెళ్ళింది. మనం మాత్రం ఇంట్లోనే ఉన్నాం, ఆ రోజు ఒకావిడ బండి దిగింది గనక. ఇక పడుకోండి.