బుడబుంగ కప్పిన గుడ్లు

ప్రశ్న పట్టుకొచ్చినవాళ్ళ చేతిలో ఏదో ఒక పని పెట్టడం మా మఠం పెద్ద చౌడమ్మవ్వకు అలవాటు. మోక్షమంటే ఏమిటని అడిగిన ఒక రిటైర్డ్ తాసిల్దారు చేత రెండు మూటల వేరుశనక్కాయలు ఒలిపించింది. ఆయన మళ్ళీ మా మఠం గడప తొక్కలేదు. కాయలు మాత్రం శుభ్రంగా ఒలిచాడు, ఆ మాట చెప్పుకోవాలి.

అందుచేత, ఆ శ్రావణమాసం మధ్యాహ్నం ఓబుళమ్మ కళ్ళు ఎర్రగా చేసుకుని అవ్వ ముందుకొచ్చి నిలబడినప్పుడు, పాపం, ఈమె నెత్తిన ఏ పని పడుతుందోనని నేను జాలిపడ్డాను.

“అవ్వా, కన్నబిడ్డను పారేసి పోయినదాన్ని తల్లి అనాల్నా?” అని అడిగింది ఓబుళమ్మ.

ఆమె ఎవరిని గురించి అడుగుతోందో మఠంలో అందరికీ తెలుసు. ఆ రోజు తెల్లవారేసరికి గేటు బయట ఒక ముసలామె వచ్చి కూర్చుంది. పేరు సుంకులమ్మ అనీ, ఓబుళమ్మను కన్నతల్లిననీ చెప్పింది. లోపలికి రమ్మంటే రాలేదు. “ఇప్పుడు రావచ్చునని వచ్చినా. నా బిడ్డ పిలిస్తే వస్తా. పిలవకపోతే సాయంత్రం బస్సుకు పోతా. మళ్ళీ వచ్చి ఇబ్బంది పెట్టను” అంది. ఆ మాట అనడంలో నిష్ఠూరం లేదు. అదే వినేవాళ్ళకు మరీ కష్టంగా ఉంది.

ఓబుళమ్మ తండ్రిని ఊరి కక్షల్లో నరికేశారు. అప్పటికి ఆమెకు నాలుగైదేళ్ళు. తల్లి ఆ పసిదాని జుట్టు కత్తెరతో అడ్డదిడ్డంగా కత్తిరించి, ఎవరిదో చినిగిన గౌను తొడిగి, ఒంటినిండా బూడిద పూసి తెచ్చి మా వంటశాల మెట్ల మీద కూర్చోబెట్టింది. ఎవరడిగినా ఓబుళమ్మ అని చెప్పమని కొత్త పేరు నేర్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. ఆ తరవాత ఉత్తరం లేదు, కబురు లేదు. ఓబుళమ్మ ఇక్కడే పెరిగింది, తత్వాలు నేర్చింది, పదిమందికి నేర్పేంతటిదయింది. కానీ ఆ మెట్టు మాత్రం ఆమె లోపలినుంచి పోలేదు.

“తన ప్రాణం తను చూసుకునింది. ఆడపిల్లనని చూడకుండా నా జుట్టు కోసేసింది. నా పేరు గూడా నాకు మిగలనీలేదు. ఇప్పుడొచ్చి, ‘ఇప్పుడు రావచ్చునని వచ్చినా’ అంటాది! ఎవరు చెప్పినారంట ఈమెకు, ఇప్పుడు రావచ్చునని?” అంది ఓబుళమ్మ.

అవ్వ అంతా విని, “తూము కాడ గుర్రపుడెక్క ముసురుకునింది. పుట్టి తియ్యండి, పోయి లాగేసి వద్దాం” అంది.

నాకు నిజంగా ఒళ్ళు మండింది. గేటు దగ్గర ఒక ప్రాణం కాచుకుని కూర్చుంటే ఈ ముసలమ్మకు గుర్రపుడెక్క గుర్తొచ్చిందా? అయినా ఆమె మాట తీసేసే ధైర్యం మాకెవరికి ఉంది? ముగ్గురం గంపలాంటి ఆ పుట్టి ఎక్కాం. నేను తెడ్డు పట్టుకున్నాను. ఓబుళమ్మ కొక్కెం కట్టిన గడ పట్టుకుని కూర్చుంది. ఏటా పెద్దవానలకు ముందు చెరువు తూముకు అడ్డంపడే చెత్తను ఆ కొక్కెంతోనే లాగి ఒడ్డున వేస్తాం.

చెరువు నడుమకు పోగానే ఒక చిన్న పిట్ట నీటి మీద తేలుతూ కనిపించింది.

“అదేంది?” అంది అవ్వ.

“బాతుపిల్ల” అంది ఓబుళమ్మ, తల సగం తిప్పి.

“బాతుకు ముక్కు ఎట్లుంటాది?”

“పలకగా.”

“దీనికో?”

ఓబుళమ్మ ఈసారి సరిగ్గా చూసింది. ముక్కు సన్నగా మొనదేలి ఉంది. ముక్కు మొదట్లో పసుపు బొట్టు పెట్టినట్టు చిన్న మచ్చ. మెడ ఇటుకరంగు. వెనక తోకంటూ ఏమీ లేదు, ఎవరో కోసేసినట్టు మొండిగా ఉంది. చూస్తుండగానే బుడుంగుమని మునిగి, మేము ఎదురుచూడని చోట తేలింది.

“బుడబుంగ అంటారు దాన్ని. ఇరవై ఏండ్లకు పైగా దీని పక్కనే ఉండావు, బాతుపిల్లని చేసేసినావు” అంది అవ్వ నవ్వుతూ. ఓబుళమ్మకు నవ్వు రాలేదు.

జమ్ము పక్కన కుళ్ళిన నాచుకుప్ప ఒకటి తేలుతోంది. దానిమీద అలాంటి పిట్టే ఇంకొకటి కూర్చుని ఉంది. పుట్టి దగ్గర పడేసరికి అది గబగబా లేచి, ముక్కుతో అటూ ఇటూ నాచు ఎగదోసి, నీళ్ళలోకి జారి మాయమైంది.

“చూసినావా? మనిషి అలికిడి కాగానే పారిపాయె. అన్నీ అంతే” అంటూ ఓబుళమ్మ కొక్కెం ఆ కుప్పకు తగిలించింది. ఏటా అలాంటి కుప్పల్ని అలాగే లాగి పారేశాం. చెత్త అనుకున్నాం మరి.

అవ్వ గడను గట్టిగా పట్టుకుంది. “చేయి పెట్టి చూడు.”

ఓబుళమ్మ విసుగ్గా ఆ జిగట నాచులో చేయి పెట్టింది. పెట్టిన చేయి అక్కడే ఆగిపోయింది. మెల్లగా నాచు తొలగించింది. కింద నాలుగు గుడ్లు. నాచు మరకలు పట్టి, బురద రంగుకు తిరిగి, చూస్తే గుడ్లని తెలియకుండా ఉన్నాయి.

“వెచ్చగా ఉండాయి అవ్వా” అంది, చిన్నపిల్లలా.

నెత్తిన గద్ద ఒకటి గిరికీలు కొడుతూ కిందికి దిగింది. ఓబుళమ్మ ఉలిక్కిపడి రెండు చేతులూ గుడ్ల మీద అడ్డం పెట్టింది. ఎవరూ చెప్పకుండానే చెత్తలో చెత్తగా కనబడేట్టు నాచు మళ్ళీ దగ్గరకు చేర్చి కప్పింది. గద్ద ఒక చుట్టు తిరిగి వెళ్ళిపోయింది.

అప్పుడు అవ్వ అంది: “తన ప్రాణమే చూసుకునేదానికి కప్పే తీరిక యాడిదే?”

ఓబుళమ్మ కొక్కెం గడను పుట్టిలోకి లాగేసుకుంది.

పుట్టిని వెనక్కి నడిపి జమ్ము చాటున ఆపాం. ఎండ పడమటికి వాలుతోంది. నాకు సాయంత్రం బస్సు గుర్తొచ్చింది. పిట్ట జాడ లేదు. “ఇంక రాదేమో” అన్నాను నేను. అంతలో చెరువుకు ఆ పక్కన ఎక్కడో తల తేలింది. అది తిన్నగా గూటికి రాలేదు. అటు పోయింది, ఇటు పోయింది, ఆ గూటితో తనకేమీ సంబంధం లేనట్టు చాలాసేపు తిరిగింది. గద్ద లేదని, మేము కదలడం లేదని నమ్మకం కుదిరాక వచ్చి, కుప్ప ఎక్కి, నాచు పోగులు ఒక్కొక్కటే పక్కకు తీసి, గుడ్లమీద ఒదిగి కూర్చుంది.

ఓబుళమ్మ బావురుమంది. అంత ఏడుపు ఆమెలో ఉందని మాకెవరికీ తెలీదు. “బూడిద అందుకే పూసిందా అవ్వా? నా జుట్టు అందుకే కోసిందా? నాయనను నరికినోళ్ళ కంట్లో నేను పడకుండా ఉండాలనేనా ఇన్నేండ్లూ ఇటువైపు రానిది? వాళ్ళంతా పోయినాకనేనా, ఇప్పుడు రావచ్చునన్నది?”

“నాకేం తెలుసు? నేను పిట్ట సంగతి చెప్తా ఉండా” అంది అవ్వ.

ఓబుళమ్మ నా చేతిలోంచి తెడ్డు లాక్కుంది. తూమూ లేదు, గుర్రపుడెక్కా లేదు. పుట్టిని గిరగిరా తిప్పి మఠం వైపు ఎంత బలంగా వేసిందంటే, మా బట్టలన్నీ తడిసిపోయాయి. దూరంగా రోడ్డు మీద బస్సు ఇంకా రాలేదు. గేటు పక్క గోడ నీడలో, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చున్న మనిషి మాకు కనిపిస్తోంది.

ఒడ్డు తగులుతుండగా ఓబుళమ్మ చేయి ఆగింది.

“ఏం మాట్లాడాల అవ్వా? ఇన్నేండ్ల మాట యాడ మొదలుపెట్టాల?”

అవ్వ చీరకొంగు పిండుకుంటూ, తల ఎత్తకుండానే చెప్పింది.

“అన్నం తింటివా అని అడుగు.”