మబ్బు ఏనుగైన రోజు

ఒకప్పుడు మబ్బులకు ఆకారమే లేదు. ఆరేసిన పంచెల్లా సాదాగా ఆకాశమంతా పరుచుకుని పడుకునేవి. వాటివంక తలెత్తి చూసే పిల్లలే లేరు. చూడ్డానికి ఏముందనీ?

ఆ మబ్బుల్లో ఓ చిట్టి మబ్బు ఉండేది. పేరు పింజ. కింద ఉన్న చిన్న నీటికుంటే దాని అమ్మ. కుంటలోంచి ఆవిరై పైకొచ్చిన పిల్ల కదా, పొద్దున్నే కిందికి తొంగిచూసి "అమ్మా, లేచావా?" అని పలకరించనిదే దానికి తోచేది కాదు.

ఆ ఏడు సూరీడికి దాహం పట్టుకుంది. ఏరు తాగాడు, వాగు తాగాడు, కుంటమీద పడ్డాడు. పింజ చూస్తుండగానే అమ్మ సగమైపోయింది. 

"ఎవరైనా ఆయనకు చెప్పండి!" అని పింజ ఏడ్చింది.

"నేను చెప్పాగా!" అంది గాలి పిన్ని. "'తాగింది చాలు దొరా' అన్నాను. కళ్ళెర్రజేశాడు. చూడు, ఒళ్ళంతా ఎలా కాలిపోతోందో! ఇప్పుడు నేనొస్తుంటే జనం తలుపులేసుకుంటున్నారే తల్లీ."

పింజ ఆలోచించింది. నోటితో చెబితే కోపమొస్తే, బొమ్మగా చూపిస్తేనో? ఒళ్ళు గుండ్రంగా చుట్టుకుంది. చుట్టూ కిరణాలు పెట్టుకుంది. నోరు ఇంత తెరిచి, కుంటను గటగటా తాగుతున్నట్టు నటించింది. అచ్చం సూరీడే!

"నన్నే వెక్కిరిస్తావా, పిల్లకుంకా?" అని సూరీడు భగ్గుమన్నాడు. పింజ అంచులు రెండూ చుర్రుమని ఎగిరిపోయాయి.

"ఆయన్నే ఆయనకు చూపిస్తే ఊరుకుంటాడటే?" అంది పిన్ని.

మర్నాడు పింజ మళ్ళీ వచ్చింది. ఈసారి పిన్ని మెల్లగా ఊదింది. ఇటు లాగితే తొండం, అటు లాగితే చెవులు. ఆకాశంలో ఏనుగు! పింజ బతిమాలితే ఒక మబ్బు చెరువైంది, ఇంకొకటి గున్న ఏనుగైంది. పెద్ద ఏనుగు చెరువంతా జుర్రేసింది. గున్న పరుగెత్తుకొచ్చి తొండం పెడితే చుక్క లేదు. పాపం, అక్కడే కూలబడింది.

సూరీడు ఆట చూస్తూ కదలడమే మరిచిపోయాడు. "ఒరేయ్ ఏనుగా, ఆగరా! బిడ్డకు మిగల్చరా!" అని కేకలేశాడు. "అసలు ఆ ఆశపోతు ఏనుగు ఎక్కడుందే? చెప్పు, చెవి పిండుతాను."

మాట పింజ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "నాకేం తెలుసు దొరా? చూపించడం నా పని, వెతుక్కోవడం మీ పని."

సూరీడు వెతికాడు. అడవిలో ఏనుగులన్నీ నాలుకలు పిడచగట్టుకుపోయి పడున్నాయి. ఆశపోతు ఏనుగు మాత్రం ఎక్కడా లేదు. వెతుకుతూ వెతుకుతూ కుంట దగ్గరికొచ్చాడు. పగిలిన బురద మధ్య దోసెడు నీళ్ళు మిగిలాయి. వాటిలో ఓ కప్ప తన పిల్లల్ని దాచుకుని కూర్చుంది. ఏనుగు ఇక్కడేమైనా ఉందా అని సూరీడు వంగి చూశాడు. నీళ్ళలో తన ముఖమే కనిపించింది.

సూరీడు సిగ్గుతో ఎర్రబడి, గబుక్కున పింజ వెనకాల నక్కాడు.

"నేనేనటే ఆ ఏనుగు?" అని చిన్నగా అడిగాడు. "తాగిందంతా ఇచ్చేస్తాను. మీరే మోసుకెళ్ళండి."

మబ్బులన్నీ కడుపునిండా నీళ్ళు నింపుకున్నాయి. అందరికంటే ముందు పింజే దూకింది, తిన్నగా అమ్మ ఒళ్ళోకి! పిన్ని ఒళ్ళు చల్లబడింది. కప్పలు బెకబెకమని ఒకటే గోల. ఏనుగు ఆటంతా చూసి, ఇప్పుడు గట్టుమీద తడుస్తున్న పిల్లలకు మబ్బులాట భలే నచ్చింది. ఎవరి ముఖమ్మీదా అనలేని మాట ఉంటే దాన్ని నక్కకో ఏనుగుకో తగిలించి కథ చెప్పడం, గోడమీద బొమ్మ గీయడం వాళ్ళే మొదలెట్టారు.

అప్పటినుంచే మబ్బులు ఏనుగులై, గుర్రాలై, ముసలమ్మలై ఆకాశంలో ఆడుతున్నాయి. అప్పటినుంచే సాయంత్రం కాగానే సూరీడు ఎర్రబడి మబ్బుచాటుకు పోతున్నాడు. ఆ ఏనుగు ఎవరని ఎంత అడిగినా మబ్బు చెప్పదు. మనమే కిందికి వంగి, నీళ్ళలోకి చూసుకోవాలి.