సింగమ్మ చీపురు

మా గురువుగారికి ఒక అలవాటు ఉంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, లేచి చెప్పులు వేసుకుంటారు. ఆయన వెనక ఎండలో నడిచీ నడిచీ నాకు సందేహాలు అడగాలంటేనే భయం పట్టుకుంది. నేను దర్జీని, ఒక పూట మిషను ఆగితే ఊరంతా నా మీద పడుతుంది. అందుకే ఎప్పుడూ అడిగేవాళ్ళ వెనకాల కూర్చుంటాను.

ఆ బుధవారం అడిగినవాడు నాంచారయ్య. తాతల నాటి నుంచి వాళ్ళది పందుల పెంపకం. వారం వారం తత్వాలు పాడడానికి వచ్చేవాడు, మంచి గొంతు. ఆ రోజు మాత్రం పాడే మొహం కాదు.

"గురువుగారూ, పందుల్ని లోపల పెంచాలా, బయట పెంచాలా? ఆత్మ సంగతి తర్వాత చెబుదురుగాని, ముందు నాకిది తేల్చండి."

గురువుగారు నవ్వలేదు, చెప్పమన్నారు. అతను చెప్పుకొచ్చాడు. వీధుల్లో తిరిగినన్నాళ్ళూ మేతకు పైసా ఖర్చు లేదు. కాని పది పిల్లలు పుడితే మూడు కుక్కల పాలు, రెండు లారీల కింద, ఒకటి ఎవడో సంచిలో వేసుకుపోయేవాడు. పైగా వాడవాడలా తిట్లు. అది పడలేక నిరుడు భార్య గాజులు అమ్మి, సిమెంటు నేలతో షెడ్డు వేశాడు. ఇప్పుడు తవుడు కొనాలి, హోటళ్ళ ఎంగిలి మోసుకొచ్చే ఆటోకు కిరాయి కట్టాలి. అదైనా భరించేవాడే. కాని షెడ్డులో రెండు పందులు ఈనితే, పదిహేడు పిల్లల్లో పన్నెండింటి మీద తల్లులే పడుకుని చంపేశాయి.

"బయట వదిలితే ఊరు తింటోంది, లోపల పెడితే తల్లే చంపుతోంది. మూడోది ఇవాళో రేపో ఈనుతుంది. ఇదీ ఇట్లాగే పోతే ఆదివారం అన్నిటినీ బేరగాడికి తోలేసి, పట్నంలో వాచ్‌మన్ పనికి పోతానండీ. ఎటు లెక్క వేసినా నష్టమే తేలుతోంది, నా బుర్ర పనిచేయడం లేదు."

నా బుర్రా పనిచేయలేదు. తవుడు ఖర్చు వింటే బయటే నయమనిపించింది, కుక్కల మాట వింటే లోపలే మేలనిపించింది. రెండూ కాదంటే మూడో చోటు ఎక్కడుందో తోచలేదు. ఈలోపు గురువుగారు చెప్పులు వేసుకోనే వేసుకున్నారు.

షెడ్డు చూసి నాకు సిగ్గేసింది, అది నా కొట్టుకంటే శుభ్రంగా ఉంది. నాంచారయ్య భార్య సింగమ్మ చీపురు పట్టుకునే ఎదురొచ్చింది.

"రోజూ నాలుగుసార్లు కడుగుతానండీ. ఆ మధ్య పశువుల డాక్టరుగారు వచ్చి, ఈ నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చమ్మా అన్నారు," అంది. అంటూ కళ్ళొత్తుకుంది. పుట్టిన దగ్గర్నుంచీ కంపు, కంపు అనిపించుకున్న మనిషి ఆమె. ఆ ఒక్క మాటను ఎంత భద్రంగా దాచుకుందో మాకు తెలుస్తూనే ఉంది.

లోపల చూడి పంది నిలవలేకపోతోంది. పడుకుంటుంది, లేస్తుంది, ముట్టెతో సిమెంటును గీరుతుంది. గీరి గీరి ముట్టె ఎర్రబడింది.

"తలుపు తియ్యి," అన్నారు గురువుగారు.

"ఈ పూట బయటికి వదిలితే ఎక్కడో పొదల్లో ఈనుతుందండీ. కుక్కలున్నాయి," అన్నాడు నాంచారయ్య. గురువుగారు పక్కకు జరిగి దారిచ్చారు. అతను కర్ర చేతికి తీసుకుని గడియ తీశాడు.

పంది బయటికి వచ్చింది. బియ్యం మిల్లు గోడ దాకా పోయింది. కర్ర పట్టుకుని నాంచారయ్య, ఏమీ పట్టుకోకుండా నేను, దాని వెనకాలే నడిచాం. అది గోడ కింద ఎండుగడ్డి నోటినిండా కరుచుకుని వెనక్కి తిరిగింది. తిన్నగా షెడ్డులోకి వెళ్ళి, గడ్డిని మూలన పడేసి మళ్ళీ బయలుదేరింది. ఈసారి చిరిగిన గోనె, ఆ తర్వాత అరిటాకులు. పదకొండుసార్లు వెళ్ళింది, పదకొండుసార్లూ తిరిగొచ్చింది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

మూల చెత్తతో నిండిపోయింది. సింగమ్మ చెయ్యి దానంతటదే అటు పోయింది.

"ఆ చీపురు ఇలా ఇవ్వమ్మా," అని గురువుగారు అందుకుని, ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చున్నారు.

సింగమ్మ ఆ గడ్డి వంక, గోనె వంక చూసింది. "వెనకటి రెండూ కూడా మేతలో వచ్చిన ఆకుల్ని ఇలాగే మూలకు లాక్కున్నాయి. నేనే ఎప్పటికప్పుడు ఊడ్చేశాను," అంది.

పొద్దు వాలకముందే పంది ఈనింది. తొమ్మిది పిల్లలు. తల్లి పడుకోబోయిన ప్రతిసారీ పిల్లలు కదిలి గడ్డి గలగలమనేది. ఆ చప్పుడుకు తల్లి ఆగేది, ముట్టెతో వాటిని పక్కకు జరిపేది, అప్పుడు మెల్లగా ఒరిగేది. తొమ్మిదీ పాలు తాగుతుంటే నాంచారయ్య లెక్కపెట్టాడు, నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టాడు.

అయినా మనిషికి సందేహం తీరలేదు. "ఇంతకీ లోపలాండీ, బయటాండీ?" అన్నాడు. నేనూ చెవులు రిక్కించాను, ఎందుకంటే నాకూ తేలలేదు.

గురువుగారు చెప్పులు వేసుకున్నారు. సింగమ్మ చెత్త వంక చూస్తూ, "ఎవరైనా వస్తే ఏమనుకుంటారండీ, చీపురిచ్చి వెళ్ళండి," అంది.

గురువుగారు చీపురు చంకన పెట్టుకున్నారు.

"పిల్లలు గట్టిపడేదాకా, ఇది పది రోజులు నా దగ్గరుంటుందమ్మా. ఈ లోపల వచ్చినవాళ్ళు ఏమన్నా, నన్ను అన్నట్టే."