సుంకమ్మ బొంత

ఒకానొక రాజ్యాన్ని ఉద్దండరాయలనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు కోట ఉంది, కొలువు ఉంది, ఏనుగులున్నాయి. వాటన్నిటికంటే ఎక్కువగా అభిప్రాయాలున్నాయి. రాగిసంగటి తింటే బుద్ధి బరువెక్కుతుందా, ఏతం తొక్కితే మోకాళ్లు అరుగుతాయా, ఆడపిల్లలకు అక్షరాలు నేర్పితే వానలు తగ్గుతాయా, కొత్తరకం గానుగ చప్పుడుకి ఆవులు పాలివ్వడం మానేస్తాయా, ఏది అడిగినా ఆయన దగ్గర జవాబు సిద్ధం. అడక్కపోయినా సిద్ధమే.

పొద్దున రాజుగారికి తోచింది మధ్యాహ్నానికల్లా దండోరా అయ్యేది. ఆ రోజుల్లో ఊరికి వార్త అంటే అదే మరి. నిన్న చింతపండు విషమనేవాడు, ఇవాళ అమృతమనేవాడు. జనం విని, తలూపి, ఇంటికెళ్లి ఎప్పటి పులుసే కాచుకునేవాళ్లు.

దండోరా వేసేవాడు ఓబన్న. అతని పనికి రాజుగారి తాతగారు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. డప్పు కొట్టి, మాట చెప్పి, చక్కా పోవడానికి వీల్లేదు. అక్కడే నిలబడి జనం అడిగినదానికి జవాబివ్వాలి. తనకు తెలియని ప్రశ్నయితే దాన్ని కొలువుకి మోసుకెళ్లాలి. రాజు జవాబు చెప్పేదాకా ఆ ఉత్తరువు అమల్లోకి రాదు. జవాబులు చెప్పడమంటే ఉద్దండరాయలకి పండగ కనక ఈ కట్టుబాటును ఆయనా తీసెయ్యలేదు.

ఇలా ఉండగా త్రిలోచన భట్టు అనే వైద్యపండితుడు కాశీలో పన్నెండేళ్లు చదివి తిరిగొచ్చాడు. పుట్టింది ఈ ఊళ్లోనే. వెళ్లేటప్పుడు చేతిసంచితో వెళ్లాడు, వచ్చేటప్పుడు రెండెడ్లబండి నిండా గ్రంథాలు తెచ్చాడు. చదివినవాడే, కాదనకూడదు. కాకపోతే చదవనివాళ్లను చూస్తే ఆయనకి కళ్లు నెత్తికెక్కేవి. రాజుగారి చెవిలో ఆయన వేసిన మాట మర్నాడే ఉత్తరువై ఓబన్న చేతికొచ్చింది. చదువు రాని చేతులు పురుళ్లు పొయ్యరాదు. అటువంటి చేతుల్లో పుట్టినవారికి బుద్ధి మందగిస్తుందని పండితుల నిర్ణయం. కాబట్టి మంత్రసాని సుంకమ్మ పున్నమిలోగా పొలిమేర దాటిపోవాలి.

అది చూసి ఓబన్న డప్పు పక్కన పెట్టేశాడు. సరిగ్గా తొమ్మిది రోజుల కిందట అతని భార్య రామక్క నొప్పులతో మెలికలు తిరిగిపోయింది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది. ఆశ వదులుకోమన్నారు ఇరుగుపొరుగు. సుంకమ్మ మాత్రం వదల్లేదు. డెబ్భై ఏళ్ల మనిషి, రెండు రోజులు కూర్చున్నచోటు నుంచి లేవకుండా, ఆముదం రాసుకున్న చేతులతో బిడ్డను కొంచెం కొంచెంగా తిప్పి, తల్లినీ పిల్లనీ ఇద్దరినీ దక్కించింది. ఆ చేతుల్ని కళ్లకద్దుకోవాల్సిన తాను, ఆమెను వెళ్లగొట్టడానికి డప్పు పట్టుకోవాలి. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే పని తన నెత్తినే పడిందని ఓబన్న కుమిలిపోయాడు.

ముందు ఆమెకే చెబుదామని వెళ్లాడు. సుంకమ్మ గుమ్మంలో కూర్చుని బొంత కుడుతోంది. ఆ ఊళ్లో పుట్టిన బిడ్డను మొదట చుట్టేది తల్లి పాతచీరలోనే. అందులోంచి మూరెడు చించి మంత్రసానికి ఇవ్వడం ఆనవాయితీ. నలభై అయిదేళ్లుగా వచ్చిన పేలికలన్నీ సుంకమ్మ ఒకే బొంతగా కుడుతూ వచ్చింది. ఇప్పుడు కుడుతున్నది రామక్క చీర ముక్క.

సంగతి విని ఆమె సూది ఆపలేదు. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే, నీ పనీ అంతే, వెళ్లి కొట్టిరా నాయనా అంది. తన చెల్లెలి కూతురు ఏటి అవతల ఉంది, అక్కడికి పోతానంది. చెప్పినంతసేపూ నవ్వుతూనే ఉంది గానీ దారం రెండుసార్లు తెంపుకుంది.

ఓబన్న తల తిప్పుకుని బొంత వైపు చూశాడు. నూలు ముక్కల మధ్య, వెలిసిపోయిన ఆకుపచ్చ పట్టు ముక్క ఒకటి కనిపించింది. దాని అంచున హంసల బారు. అది ఎవరిదని అడిగాడు. సుంకమ్మ చెప్పింది.

"అవ్వా, ఈ బొంత ఒక్కరోజు నాకియ్యి," అన్నాడు ఓబన్న.

ఆ మధ్యాహ్నం నాలుగు వీధుల కూడలిలో ఓబన్న డప్పు కొట్టి ఉత్తరువు పొల్లుపోకుండా చెప్పాడు. జనం నివ్వెరపోయారు. ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకున్నారు. తమలపాకులమ్మే ముసలాయన ముందుకొచ్చి, ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లకు బుద్ధి తక్కువని తేలింది గదా, మరి వాళ్లెవరో మాకు తెలియొద్దా, తెలియకపోతే వాళ్లకు పిల్లనెలా ఇస్తాం, కొలువులో ఎలా పెట్టుకుంటాం అని అడిగాడు. ఓబన్న ఆయనకు మనసులో వెయ్యి దండాలు పెట్టి, ఆ ప్రశ్నను తిన్నగా కోటకి మోసుకెళ్లాడు.

మంచి ప్రశ్నే వచ్చిందని రాజు మీసం దువ్వాడు. అటువంటివారి పేర్లన్నీ దండోరా వెయ్యమన్నాడు. పండితుడు మెచ్చుకోలుగా తలూపాడు. సుంకమ్మకు రాత రాదనీ, ఆమె జాబితా అంతా ఒక బొంతలోనే ఉందనీ ఓబన్న మనవి చేశాడు. అయితే ఆమెనూ బొంతనూ రేపు కొలువుకి తెమ్మని, ఒక్కో ముక్క చూపిస్తూ, పేరు పేరునా డప్పు కొట్టి చెప్పమని రాజు ఆజ్ఞాపించాడు.

మర్నాడు కొలువు కిటకిటలాడింది. బొంత పరిచారు. సుంకమ్మ వేలు పెట్టి చూపిస్తుంటే ఓబన్న ఒక్కో దెబ్బ కొట్టి పేరు చెబుతున్నాడు. కుమ్మరి వెంకటి. పూలమ్మే మాచమ్మ. ఇద్దరు ముగ్గురు సభికులు నవ్వారు. తర్వాతి పేరు సేనాపతిది. నవ్వులు ఆగిపోయాయి. సేనాపతి తేలు కుట్టిన దొంగలా కత్తి ఒర వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత కోశాధికారి, ఆ తర్వాత రాజుగారి బావమరిది.

సుంకమ్మ వేలు ఒక గళ్లచీర ముక్క మీద ఆగింది. ఓబన్న డప్పు మీద గట్టిగా ఒక దెబ్బ వేసి, "వైద్యపండితులు త్రిలోచన భట్టు గారు," అన్నాడు.

పండితుడికి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. గ్రంథాలు చదివితే ఆ దోషం పోతుందని ఏదో సణిగాడు. ఏ గ్రంథంలో ఉందో సెలవిస్తే అది కూడా దండోరాలో కలుపుతానని ఓబన్న వినయంగా అడిగాడు. పండితుడు ఉత్తరీయం సర్దుకున్నాడు.

ఇక హంసల అంచు వచ్చింది. ఓబన్న పుల్ల పైకెత్తి, కొట్టకుండా నిలబడిపోయాడు.

"ఏం, ఆగావేం? కొట్టు," అన్నాడు రాజు.

"ఇది కొట్టాలంటే భయంగా ఉంది ప్రభూ. పుట్టినవారి పేరు ఏలినవారే చెబితే బాగుంటుంది."

రాజు విసుక్కుంటూ సింహాసనం దిగివచ్చాడు. వంగి చూశాడు. హంసల అంచు రాణివాసానికి తప్ప ఇంకెవరికీ నెయ్యరు. ఆ ఆకుపచ్చ రంగు ఆయన మరిచిపోయింది కాదు. తన ఏడో ఏట కన్నుమూసిన తల్లి ఆ చీర కొంగుతోనే ఆయన మొహం తుడిచేది. నా బొడ్డు కోసిందెవరని ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఎవరు మాత్రం అడుగుతారు లెండి.

"మా అమ్మ చీర ఇది," అన్నాడు రాజు నెమ్మదిగా.

"అవును నాయనా," అంది సుంకమ్మ. "నువ్వు పుట్టాక ఏడవలేదు. ఘడియసేపు నా నోటితో ఊపిరి ఊదాను. అప్పుడు ఏడ్చావు. మీ అమ్మ కూడా అప్పుడే ఏడ్చింది."

ఓబన్న చేతులు జోడించాడు.

"ప్రభూ, నాకు ఉన్నది ఒక్క నోరు. ఏలినవారి బుద్ధి మందమని చాటమంటారా, ఉత్తరువులోని మాట తప్పని చాటమంటారా? రెండింట్లో ఏదైనా సరే, సెలవియ్యండి. ఊరు నా కోసం కూడలిలో కాచుకుని ఉంది."

రాజు ఓబన్న మొహం చూశాడు, పండితుడి మొహం చూశాడు, బొంత చూశాడు. ముందు ఆయన మీసాలు కదిలాయి, తర్వాత భుజాలు, ఆ తర్వాత పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. నా అభిప్రాయాలన్నీ కలిపినా ఈ ముసలమ్మ ఊదిన ఒక్క ఊపిరికి సరిపోవని తనే అన్నాడు. ఉత్తరువు చించేశాడు. సుంకమ్మకి బతికినంతకాలం కోట నుంచి బత్తెం ఏర్పాటు చేసి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

సుంకమ్మ పండితుడి వైపు తిరిగింది. "అయ్యా, ఇన్నేళ్లలో నా చేతుల్లో పదకొండు మంది తల్లులు పోయారు. ఎందుకు పోయారో నాకు తెలీదు. మీ పుస్తకంలో ఉంటే నాకు చదివి వినిపిస్తారా?"

త్రిలోచన భట్టు తల వాలిపోయింది. ఈసారి నిజంగానే సిగ్గుపడ్డాడు. ఆయన గొప్పతనం ఏమంటే, ఆ సాయంత్రమే గ్రంథం చంకన పెట్టుకుని ఆమె గుమ్మంలో చాప మీద కూర్చున్నాడు. కొన్ని ఆయన చెప్పాడు, కొన్ని ఆమె చెప్పింది, రాసుకోవలసినవి ఆయనే రాసుకున్నాడు.

ఓబన్నకి రాజు చేతి కంకణం తీసిచ్చాడు. ఓబన్న పుచ్చుకున్నాడు, పుచ్చుకోకుండా ఉండడానికి అతనేం సన్యాసి కాదు. అయితే దాంతో పాటు ఒక దండోరా కూడా అడిగాడు. రాజు ఆలోచించి, మాటలు తనే చెప్పాడు.

ఆ మాటల్ని ఓబన్న ఊరంతా తిరిగి చాటాడు. "ఉద్దండరాయలనే బిడ్డకు ఊపిరి పోసిన తల్లి సుంకమ్మకు రాజు దండం పెడుతున్నాడహో! ఆమె చేతుల్లో పుట్టినవాళ్లంతా పెట్టండహో!" తమ వీధిలోకి వచ్చేసరికి గడపలో రామక్క నిలబడి ఉంది, చంకలో పసిది. వాళ్లిద్దరినీ చూడగానే ఓబన్న డప్పు మీద చెయ్యి వేసి అలాగే నిలబడి ఏడ్చాడు. మిగతా మాటలు రామక్కే గట్టిగా చెప్పింది.